పడవ పలకకపోతే

జువ్వలదిన్నె,
ఆదివారం.

వనజాక్షికి,

మీ వదిన రాస్తున్నాను. ఫోను చేతిలో పెట్టుకొని ఉత్తరమేమిటి, వదినకు చాదస్తం ముదిరింది అనుకుంటున్నావు కదా? అనుకో. మన ఇల్లు నీకు తెలియనిది కాదు. ఈ గోడ దగ్గర గుసగుసలాడితే ఆ గోడ దగ్గర అత్తకు వినబడుతుంది. అసలే ఆమెవి పాము చెవులు. అత్తకు తెలిస్తే మీ అన్నకు తెలుస్తుంది. అందుకే కూపన్ల బియ్యానికని చెప్పి వచ్చి, పోస్టాఫీసు అరుగు మీద కూర్చొని రాస్తున్నాను.

మొన్న మన అన్నం డేక్సా పోయింది. అత్త పొలేరమ్మకు పొంగలి పెట్టే పెద్ద అల్యూమినియం డేక్సా. ఇల్లంతా వెదికాను. పక్కింటి సుభాషిణి మీద అనుమానం వచ్చి, నీళ్ళ కుళాయి దగ్గర "కొంతమందికి అడక్కుండా తీసుకుపోయేది బాగా అలవాటైపోయినాది" అని వినేటట్టు అన్నాను. ఆమె మూడు తరాలు తవ్వి తీసింది. నిన్న మీ అన్నకు చద్ది క్యారియరు ఇద్దామని రేవుకు పోయాను. పడవలో, ఇంజను పక్కన, పడవ ఎక్కడుందో చెప్పేందుకు నీవు పెట్టించిన డబ్బా మీద మన డేక్సా బోర్లించి ఉంది. కదలకుండా తాడుతో కట్టి కూడా పెట్టాడు.

నీకు అర్థమైంది కదా?

ఎందుకు చేశాడో తెలుసు. క్రితం నెల బ్యాటరీ వైరు ఊడి మీ అన్న పడవ కాసేపు పలకకపోతే, నీ ప్రోగ్రాం ఏం చేసింది? పెంచలు పడవ ఫలానా చోట ఆగిపోయిందని డబ్బాలున్న అన్ని ఇళ్ళకూ చెప్పింది. మరునాడు ఆ ఫలానా చోటికి కుర్రాళ్ళ పడవలన్నీ పోయాయి. ఆ చోటు ఆయన ఏడాదిగా కళ్ళలో పెట్టి దాచుకున్నది. "నా తోడబుట్టిందే నా నోటికాడి కూడు తీసి ఊరికి పంచిపెట్టినాది" అని ఆ రోజు అన్నం ముట్టలేదు. ఇప్పుడు వేరే చోటు ఏదో కనిపెట్టాడు. రేవులో పడవ కదలకముందే డేక్సా బోర్లిస్తాడు, తిరిగొచ్చాక తీస్తాడు.

డబ్బా పలకడం లేదని ఇంటింటికీ ఫోన్లు వస్తూనే ఉన్నాయి. మొదట్లో పరుగెత్తుకొని వచ్చినవాళ్ళే ఇప్పుడు "పెంచలు పడవేలే" అని నవ్వి ఊరుకుంటున్నారు. నాన్నా పులి కథే. రేపు నిజంగా పులి వస్తే? కార్తీకం దగ్గర పడింది. గాలి అప్పుడే తూర్పుకు తిరిగింది. నాకు భయంగా ఉంది వనజా. రాత్రిళ్ళు అన్నం వండిన చిన్న గిన్నె చూసినా భయమేస్తున్నది.

నీ ప్రోగ్రాం నీ చేతిలోదే. ఏదో ఒకటి చెయ్యి.

నీ వదిన,
దుర్గ


చెన్నై,
శుక్రవారం.

వదినా,

ముందు సుభాషిణి అక్క దగ్గరికి పోయి తప్పయిందని చెప్పు. తర్వాత ఈ ఉత్తరం చదువు.

చెప్పావా? లేదు కదా. నాకు తెలుసు.

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. చుట్టూ ఏసీ, కాఫీ వాసన, ఎవరి పని వాళ్ళది. నాకు మాత్రం డేక్సా కింద నల్లటి చీకట్లో కూర్చొని "ఇక్కడున్నా, ఇక్కడున్నా" అని అరుస్తున్న నా డబ్బా కనబడింది. ఇనుప గిన్నెలోంచైనా అల్యూమినియం గిన్నెలోంచైనా ఆ అరుపు బయటికి రాదు. ఆ సంగతి మా అన్నకు ఎవరు చెప్పారో! చదువుకోనిచ్చి ఉంటే నా ఉద్యోగం వాడు చేసేవాడు.

తప్పు నాదే వదినా, వాడిది కాదు. నేను రెండు సంగతులు కలిపి ఒకే చోట రాసేశాను. పడవ పలకడం లేదని కనిపెట్టడం ఒక పని. కనిపెట్టాక ఏం చేయాలన్నది ఇంకో పని. మొదటిది అన్ని పడవలకూ ఒకటే. రెండోది ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క రకం. నేను మాత్రం అందరికీ ఒకటే రాశాను, ఊరంతా అరిచి చెప్పు అని.

అమ్మ ఊరికి పోతూ ఇంటి తాళం పక్కింట్లో ఇచ్చేది గుర్తుందా? పాలవాడొస్తే ఈ చెంబులో పోయించు, కరెంటు వాడొస్తే రేపు రమ్మను, మా తమ్ముడొస్తే తలుపు తీసి కూర్చోబెట్టు అని చెప్పి పోయేది. ఎవరెప్పుడొస్తారో కనిపెట్టుకొని ఉండేది పక్కింటామె. వస్తే ఏం చేయాలో చెప్పేది తాళమిచ్చిన మనిషి. పక్కింటామె తన బుద్ధికి తోచిందే అందరికీ చేస్తే ఏమయ్యేది? కరెంటు వాడిని కూర్చోబెట్టి పాలు పోసేది.

ఇప్పుడు నా ప్రోగ్రాంను ఆ పక్కింటామెలాగా మారుస్తున్నాను. 'పడవ పలకకపోతే' అని ఒక పని ఉంటుంది. దాని చివర ఒక ఖాళీ గడి పెడతాను. ఆ గడిలో ప్రతి పడవ వాళ్ళూ తమకు కావలసిన పని పేరు ఇస్తారు. ఇవ్వగానే అది జరిగిపోదు. ఊరికే అప్పజెప్పి ఉంచడమే. పడవ పలకనప్పుడు నా ప్రోగ్రాం ఆ గడిలో ఏ పేరుంటే దాన్ని పిలుస్తుంది. ఒకరి గడిలో గుడి మైకు ఉండవచ్చు, ఒకరి గడిలో బావమరిది ఫోను ఉండవచ్చు. నా అసలు ప్రోగ్రాంలో అక్షరం మార్చనక్కరలేదు. రేపు కొత్త పడవ వస్తే కొత్త గడి. మా వాళ్ళు దీన్ని కాల్‌బ్యాక్ ఫంక్షన్ అంటారు. నీవు తాళం అనుకో, చాలు.

నీవు చేయవలసిందల్లా ఇంటింటికీ పోయి అడగడం. ముఖ్యంగా అన్నను. ఊరికి చాటించనని నేను ఒట్టు పెట్టానని చెప్పు. డేక్సా తీయించు వదినా. కాళ్ళు పట్టుకొనైనా తీయించు. నిన్న మా ఆఫీసు గోడ మీది తెరలో, పడవలు కనబడే పటంలో చూశాను. అన్న పడవ రేవులోనే ఒక చుక్కలా ఆగిపోయి ఉంది. వాడు అక్కడ లేడని తెలుసు. ఎక్కడున్నాడో తెలియదు. సాయంత్రం దాకా ఆ చుక్కనే చూస్తూ కూర్చున్నాను, నీళ్ళు కూడా తాగలేదు.

నీ ఆడబిడ్డ,
వనజ


జువ్వలదిన్నె,
బుధవారం.

వనజాక్షికి,

సుభాషిణికి తప్పయిందని చెప్పాను. "డేక్సా దొరికిందా, మీ ఇంట్లో ఇంకా ఏమేం పోయినాయో మా ఇంట్లో చూసుకో" అని ఒక మాట అని, కాఫీ ఇచ్చింది.

ఇంటింటికీ పోయాను. నీవు చెప్పింది నిజమే, అందరికీ ఒకటే సరిపోదు. చెంచులక్ష్మి తన మరిది పడవకు చెప్పమన్నది. పడవ పలకలేదంటే ఆమెకు కాళ్ళూ చేతులూ ఆడవట, చెప్పినా ఉపయోగం లేదట. సుభాషిణి మొగుడు ఆనందబాబు నేరుగా పొలేరమ్మ గుడి మైకులో చెప్పమన్నాడు. "నా పడవ మునిగితే ఎవరికి దాచేది, చేపలకా?" అన్నాడు. చిన్నపోలయ్య మామ ఎప్పటిలాగే వల కుట్టుకుంటూ తలెత్తకుండా, "మాకు కూడా మైకే పెట్టమ్మా. ముసలోళ్ళకు ఫోను వినబడదు" అన్నాడు. ఊళ్ళో అందరికన్నా పెద్దవాడైన ఆయన ఒప్పుకున్నాడు కాబట్టి మిగతావాళ్ళు కూడా ఒప్పుకున్నారు.

భార్య ఫోనుకు నేరుగా పెట్టమన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఎందుకో నీకు చెప్పాలా? కడలి మీదికి పోయే మగవాడిని ఆడది వెనక నుంచి పిలవకూడదు. ఇసుక మీద అడుగు పెట్టాక పిలిచామంటే కీడు. మొన్న మీ అన్న చద్ది క్యారియరు గుమ్మంలోనే మరచి పోతుంటే చూస్తూ నిలబడ్డానే గాని నోరు తెరవలేదు. ఆ రోజంతా ఆయన ఆకలితో ఉన్నాడు. తిరిగొచ్చి నన్ను తిట్టాడు, అత్త మాత్రం "పిలవకుండా మంచి పని చేసినావు" అన్నది. ఇక భార్య ఫోను మోగి, భార్య పడవకు ఫోను చేస్తే, అది పిలవడం కాదా అని వీళ్ళ సందేహం.

మీ అన్నను అడిగాను. వల తాడు చుడుతూ విన్నాడు. తర్వాత అన్నాడు: "నా పడవ పలక్కపోతే నీకొక్కదానికే చెప్పాల. ఊరికొద్దు, అమ్మకొద్దు, నా చెల్లెలికీ వద్దు. నువ్వు కూడా తొందరపడి యాడా నోరు తెరవగూడదు. నేనొచ్చేదాకా కాసుకోని ఉండాల. అట్టయితే డేక్సా తీస్తా."

ఒప్పుకున్నాను. ఏం చేయను?

డేక్సా ఇంటికి వచ్చింది. పక్కన సొట్ట పడింది. పొయ్యి మీద పెడితే ఒక వైపుకు ఒరుగుతున్నది.

ఇంకో సంగతి. తను పోయే చోటు నాకు చెప్పాడు. వాళ్ళమ్మకు కూడా చెప్పలేదట. కడలి మీద నుంచి చూస్తే ఒడ్డున ఏ చెట్టు ఏ ట్యాంకు వెనక కలిసేదాకా పోవాలో, అక్కడ అడుగున ఏముందో, చేప ఎందుకు అక్కడ మసలుతుందో అంతా చెప్పాడు. ఉత్తరంలో రాయను, పోస్టుమాను కూడా మన ఊరివాడే. మా పెళ్ళయ్యాక ఆయన నాతో అంతసేపు మాట్లాడింది అదే. సంతోషించాల్సింది పోయి నాకు భయం పట్టుకుంది వనజా. ఇప్పుడు ఆయన ఎక్కడుంటాడో ఈ భూమ్మీద తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ పడవ పలకకపోతే వినేదాన్ని కూడా నేనొక్కదాన్నే. ఇంత బరువు నా మీద ఎందుకు పెట్టించావు?

దుర్గ


చెన్నై,
మంగళవారం.

వదినా,

అన్న గడిలో నీ పేరు పెట్టాను. వాడు చెప్పినట్టే. డేక్సా తీసిన రోజు పటంలో చుక్క కదిలింది. రేవు దాటి, మెల్లగా తూర్పుకు పోయింది. అక్కడితో వాడి చోటు నా పటంలో కూడా కనబడకుండా మూసేశాను, పలుకుతున్నదో లేదో మాత్రమే చూపిస్తుంది. నేను ఆఫీసులో ఏడ్చేశాను. పక్క సీటు ఫ్లోరా కంగారుపడి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఏమైంది అంటే మా అన్న చేపలకు పోతున్నాడు అన్నాను. ఆమెకేం అర్థమైందో!

నీ బరువు సంగతి. నేను రాత్రంతా ఆలోచించాను. ఒక గడిలో ఒక పేరు ఇచ్చి, సమయం వచ్చినప్పుడు పిలిచి ఊరుకుంటే చాలదు. పిలిచినప్పుడు అవతల మనిషి ఉందో లేదో! నీవు స్నానంలో ఉండవచ్చు, ఫోనులో చార్జింగు లేకపోవచ్చు. అందుకని ఒకటి కలిపాను. నీకు ఫోను వస్తుంది, పడవ పలకడం లేదని గొంతు చెబుతుంది. నీవు ఒకటి నొక్కితే 'విన్నాను' అని నాకు తెలుస్తుంది. ఎంతకీ నొక్కకపోతే వరుసలో తర్వాతి పేరు నాది. అప్పుడు ఊరినంతా లేపే పూచీ నాది. అన్న నన్ను తిట్టినా, ఇంటికి రావద్దన్నా సరే. ఈ రెండో పేరు సంగతి వాడికి చెప్పకు.

కాబట్టి నీవు ఒక్కదానివే కాదు. నీ వెనక నేనున్నాను. ధైర్యంగా ఉండు.

వనజ


జువ్వలదిన్నె,
సోమవారం.

వనజా,

ఎక్కువ రాయను.

నీ ఫోను మోగుతూనే ఉంది. డబ్బా మీద నీళ్ళు పడినా మోగుతుంది, బ్యాటరీ మార్చినా మోగుతుంది. "పెంచలు పడవ పలకడం లేదు" అని ఆ ఆడగొంతు ఎంత చల్లగా చెబుతుందో! కాసేపటికి మళ్ళీ పలికింది అని చెబుతుంది. ఆ మధ్యలో నేను ఎన్నిసార్లు చచ్చి బ్రతుకుతున్నానో నీ ప్రోగ్రాంకు తెలియదు. అత్త ఊరుకోదు. "ఎవురే ఊరికే ఫోన్లు చేసేది, మగోడు కడలి మీద ఉండంగా ఇంట్లో ఆ మోత ఏందే" అని. ఆమెకు వినబడకముందే ఒకటి నొక్కేస్తున్నాను. నొక్కితే ఆగిపోతుంది. ఆ ఆగిపోవడమే హాయిగా ఉంటున్నది.

నవ్వుతావేమో. మొన్న ఫోనును సొట్ట డేక్సాలో పెట్టి, మూత పెట్టి, కొంచెంసేపు కళ్ళు మూసుకున్నాను.

టీవీలో అల్పపీడనం అంటున్నారు. పడవలు పైకి లాగుతున్నారు. మీ అన్న వల నిన్ననే వేసి వచ్చాడు. "వల వొదిలిపెట్టి కూర్చోమంటావా, తెల్లారి పొయి తీసుకోని వచ్చేస్తా" అంటున్నాడు. మస్తానయ్య తోడు పోతున్నాడు. వద్దని చెప్పడానికి నోరు రావడం లేదు. చెబితే కీడు, చెప్పకపోతే భయం.

పోస్టు బస్సు పోయేలోపు ఇది వేయాలి.

దుర్గ


చెన్నై,
మంగళవారం సాయంత్రం.

వదినా,

ఇక్కడ వాన మొదలైంది. మీకు కూడా మొదలై ఉంటుంది.

మధ్యాహ్నం అన్న చుక్క ఆరిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మరుక్షణంలో నీ దగ్గరి నుంచి 'విన్నాను' అని వచ్చింది. ఎంత త్వరగా నొక్కావు! అప్పుడు నా గుండె కుదుటపడింది. వదిన విన్నది, వదినకు చోటు తెలుసు, ఏం చేయాలో వదిన చూసుకుంటుంది అనుకున్నాను. ఫోను చేద్దామనుకొని ఆగాను. నీ ఫోను ఖాళీగా ఉండాలి కదా, పడవ మళ్ళీ పలికితే నీకు తెలియాలి.

ఇంకా పలకలేదు. వానకు మీ వైపు టవర్లు పోయి ఉంటాయి. మిగతా పడవలు కూడా కనిపించడం లేదు. నీవు విన్నావు కాబట్టి నేను నిబ్బరంగా ఉన్నాను. ఇప్పుడే అన్నం తిన్నాను.

అన్న రాగానే ఒక మాట రాయి.

వనజ


జువ్వలదిన్నె,
శనివారం.

వనజాక్షికి,

మీ అన్న బ్రతికే ఉన్నాడు. ముందు అది చదువుకో, తర్వాత మిగతాది చదువు. మొన్న ఆనందబాబు ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఉంటాడు. అసలు సంగతి ఆయనకు తెలియదు. ఎవరికీ తెలియదు, నీకు చెబుతున్నాను.

నీ మంగళవారం ఉత్తరం నిన్న వచ్చింది. 'విన్నావు కాబట్టి నిబ్బరంగా ఉన్నాను' అన్న చోట చదవలేక ఆగిపోయాను.

ఆ రోజు ఫోను మోగింది. అత్త చేటలో బియ్యం ఏరుతున్నది. గాలికి తలుపు కొట్టుకుంటున్నది. గొంతు "పెంచలు పడవ" అనేలోపే ఒకటి నొక్కాను. నేను విన్నానని చెప్పడానికి కాదు వనజా, ఆ మోత ఆపడానికి. అలవాటుగా వేలు పోయింది. నొక్కాక గుర్తొచ్చింది. నేను నొక్కితే నీ దాకా రాదు. ఆ ఒక్క వేలితో నీ తలుపు కూడా మూసేశాను.

అయినా నీకు ఫోను చేయలేదు. ఫోనును డేక్సాలో పెట్టి మూత పెట్టాను. పొయ్యి ముందు కూర్చున్నాను. తొందరపడి నోరు తెరవవద్దన్నాడు కదా. ఇప్పుడు పలుకుతుంది, ఇప్పుడు పలుకుతుంది అనుకున్నాను. ఊరంతా పోయి చూసి, ఆయన హాయిగా వల లాగుతూ కనబడితే ఇక నా మొహం చూస్తాడా? ఆ చోటు పోతే ఇక నాతో ఒక్క మాటైనా చెబుతాడా? ఇట్లా అనుకుంటూ కూర్చున్నాను. పులుసు మాడిన వాసన వచ్చింది. అత్త కేకేసింది. అయినా లేవలేకపోయాను. భయమంటే పరుగెత్తిస్తుందనుకుంటాం. కాదు, కూర్చోబెట్టేస్తుంది.

అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. మీ అన్న మళ్ళీ ఏ గిన్నో తీసుకుపోయి బోర్లించాడేమో! ఆ ఆశ తగలగానే లేచాను. వంటింట్లో గిన్నెలన్నీ కిందికి దించాను. కుండ మీది మూకుడు, పాల గిన్నె, కూర దబరా, నీళ్ళ బిందె, పెళ్ళిలో మీ అమ్మమ్మ పెట్టిన ఇత్తడి గుండిగ. ఒక్కొక్కటీ తీసి చూశాను. ఒక్క గిన్నె కూడా పోలేదు. అన్నీ ఉన్నాయి. సొట్ట డేక్సా కూడా నా ముందే ఉంది.

ఇంట్లో గిన్నెలన్నీ ఉన్నందుకు గుండెలు బాదుకొని ఏడ్చిన ఆడదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

అత్త "ఏమైందే" అని పట్టుకోబోయింది. విదిలించుకొని పరుగెత్తాను. చిన్నపోలయ్య మామ అరుగు మీదే ఉన్నాడు. పడిపోతూ చెప్పాను. "మామా, ఒంటి తాటిచెట్టు నీళ్ళ ట్యాంకు వెనక కలిసేదాకా పోయి, ఆడ నుంచి దక్షిణానికి. సరుగుడు తోపు కొస కనబడేదాకా. అడుగున మునిగిపొయిన లాంచీ ఉందంట. ఆయన ఆడున్నాడు. పలకడం లేదు."

ఊరికి ద్రోహం చేసినట్టు, మొగుడికి ద్రోహం చేసినట్టు చెప్పాను. ఆ ముసలాయన వల పక్కన పెట్టి, మెల్లగా లేచి, "తెలుసులేమ్మా" అన్నాడు.

"ఆ లాంచీ నాదే. మా తమ్ముడు దాంట్లోనే పొయినాడు. అందుకే మాయప్పటోళ్ళెవురూ ఆడ వల వెయ్యరు. నీ మొగుడు ఆడికి పోతా ఉండేది చూస్తానే ఉండా. చెప్తే వినే వయసా అని ఊరుకున్నా. ఊరుకోకుండా ఉండాల్సింది."

ఇంత పెద్ద దాపరికం మోశాం కదా మేమిద్దరం! అది ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ తెలిసిన చోటు.

గుడి మైకు దగ్గరికి నన్నే తోశాడు. నేను మైకులో ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. మీ అన్న పేరు పెట్టి పిలిచానని సుభాషిణి చెప్పింది. రా రా అని అరిచానట. ఆనందబాబు పడవ, మామ కొడుకు పడవ రెండూ దింపారు. అందరూ వద్దన్నా వినకుండా మామ ముందు కూర్చున్నాడు. చోటు చూపించాలి కదా. అలలు రేవు గోడ మీదికి ఎక్కుతున్నాయి. రెండు పడవలూ కనుచూపు మేర దాటాక అత్త నా పక్కకు వచ్చి నిలబడింది. కీడు అనలేదు. నా చేయి పట్టుకొని గుడిమెట్ల మీద కూర్చున్నది. ఆమె చేయి నా చేతికంటే చల్లగా ఉంది.

దీపాలు పెట్టే వేళకు తెచ్చారు. వల ఆ లాంచీకి చిక్కి, గాలికి వెనక్కి కొట్టుకొచ్చి నీళ్ళలో తిరిగే ఇంజను ఫ్యానుకు చుట్టుకుపోయిందట. పడవ సగం నీళ్ళతో నిండింది. నీ డబ్బా మొదటి అలకే తడిసి పోయింది. మస్తానయ్య చెంబుతో నీళ్ళు తోడుతూ తోడుతూ స్పృహ తప్పాడు, ఇప్పుడు లేచి తిరుగుతున్నాడు. మీ అన్న వల కోస్తుంటే తాడు బిగిసి ఎడమ చేతి వేళ్ళు నలిగాయి. కావలి ఆసుపత్రిలో కుట్లు వేశారు. చిటికెన వేలు ఇక వంగదన్నారు.

ఒడ్డున దించగానే నన్ను చూసి ఆయన అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? చోటు ఎందుకు చెప్పావు అనలేదు. పళ్ళు టకటకమంటుండగా, "నేను డేక్సా పెట్టలే దుర్గా. ఈసారి పెట్టలే. పెట్టినానని నువ్వు కూచోనుంటావేమోనని భయపడి సచ్చినా" అన్నాడు.

నేను కూర్చునే ఉన్నానని ఆయనకు ఇంకా చెప్పలేదు.

దుర్గ


చెన్నై,
గురువారం.

వదినా,

ఏం రాయాలో తెలియక నాలుగు కాగితాలు చించేశాను.

నేను అన్నం తింటున్నప్పుడు మా అన్న పడవలో నీళ్ళు తోడుతున్నాడు. నీవు ఒకటి నొక్కావని నేను ఊపిరి పీల్చుకున్నాను. దానికి అర్థం ఒక వేలు ఒక అంకె మీద పడిందని, అంతే. మనిషి లేచిందని కాదు, పరుగెత్తిందని కాదు. అయినా చూడు, దాన్ని నేను ఎంతగా నమ్మానో! గడిలో నీ పేరు పెట్టి నా పని అయిపోయిందనుకున్నాను. ఎవరైనా పెట్టుకోవచ్చు, ఏమైనా పెట్టుకోవచ్చు అని గొప్పగా గడి చేసి ఇచ్చాను. ఆ గడిలో ఉండేది భయపడే మనిషి అన్న ఆలోచన నాకు రాలేదు. నీవు కూర్చున్నావని నీవు ఏడవకు. ఇక్కడ నేను కూడా కూర్చునే ఉన్నాను. నాకు కుర్చీ ఉంది, నీకు పీట ఉంది, అంతే తేడా.

ప్రోగ్రాం మార్చాను. గడి అట్లాగే ఉంటుంది, ఎవరి ఇష్టం వాళ్ళది. 'విన్నాను' అంటే ఇక ఏదీ ఆగదు. మోత మాత్రం ఆగుతుంది, వరుస ఆగదు. మొదటి పేరు, రెండో పేరు, మూడో పేరు అని పోతూనే ఉంటుంది. దాన్ని ఆపగలిగేది ఒక్కటే, పడవ మళ్ళీ పలకడం. లేదా ఆ మనిషి ఒడ్డుకు వచ్చి తన నోటితో చెప్పడం.

అన్నను అడుగు, తన గడిలో ఈసారి ఏం పెట్టమంటాడో. వాడు ఏం చెబితే అదే పెడతాను. మళ్ళీ డేక్సా బోర్లిస్తాడేమోనని భయంగానే ఉంది. భయం లేదని అబద్ధం రాయలేను.

వాడికి సంగతి చెప్పు వదినా. నీవు కూర్చున్న సంగతి. వాడు అరుస్తాడు. అరవనీ.

వనజ


జువ్వలదిన్నె,
ఆదివారం.

వనజాక్షికి,

చెప్పాను.

అరవలేదు. కట్టు కట్టిన చేయి ఒళ్ళో పెట్టుకొని సొట్ట డేక్సా వైపు చూశాడు. "కూచోమని చెప్పింది నేనే గదా" అన్నాడు. తర్వాత, "ముందు నీకు, ఆ తర్వాత మైకుకు, ఆ తర్వాత నా చెల్లెలికి. ఆ ముసలాయనకు కూడా చెప్పమను" అన్నాడు. నీవు అడిగిన గడికి ఇదే జవాబు. రెండో పేరుగా నీవు ముందే ఉన్నావని ఆయనకు తెలిసిపోయింది. నేను చెప్పలేదు. "వనజ అట్టాంటిదే" అని నవ్వాడు.

కుట్లు మానాయి. ఈరోజు తెల్లవారి మళ్ళీ పోయాడు. లాంచీ ఉన్న చోటికి కాదు, అందరితో కలిసి ఉత్తరానికి. కడలి అద్దంలా ఉంది. అయినా నాకు భయమే. ఈ భయం ఇక పోయేది కాదులే, దాంతోనే కాపురం చేయాలి.

ఆడవాళ్ళందరం ఎప్పటిలాగే ఇసుక అంచున, నోళ్ళు కట్టుకొని నిలబడ్డాం. ఆయన భుజాన తెడ్డు వేసుకొని పోతున్నాడు. తడి ఇసుక మీద కాలు పెట్టాడు. నాకు తెలియకుండానే నోరు తెరుచుకుంది.

"ఏమయ్యా!"

సుభాషిణి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. చెంచులక్ష్మి పొలేరమ్మను తలుచుకుంది. అత్త నా మోచేయి గట్టిగా పట్టుకొని, ఏమనుకుందో ఏమో, వదిలేసింది.

ఆయన ఆగాడు. తిరిగాడు. పడవ దగ్గర మస్తానయ్య కేకలేస్తున్నా వినకుండా ఇసుకలో అంత దూరం వెనక్కి నడిచి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఏంది?" అన్నాడు.

"ఏం లేదు. పిలిస్తే వస్తావో రావో చూద్దామని."

దుర్గ